విడిపోయే ముందు లెక్క – మూడో పాఠం: నెల ఖర్చు, బ్యాంకు అప్పు

పోయిన పాఠంలో కేసు ఎక్కడ వేయాలో చూశాం. పెళ్ళి రాజమండ్రిలో జరిగినా, భార్య ఇప్పుడు విశాఖలో ఉంటుంటే ఇక్కడి ఫ్యామిలీ కోర్టులోనే వేసుకోవచ్చని చెప్పుకున్నాం. ఇవాళ లాయరు గారి దగ్గరకు పట్టుకెళ్ళే ఫైలు తయారుచేద్దాం. ఈ పాఠాలన్నీ 1955 హిందూ వివాహ చట్టం వర్తించేవారి కోసమని మరోసారి గుర్తుచేస్తున్నాను.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అత్తగారు ఏమన్నారో, ఆడపడుచు ఏమందో ముప్పావుగంట చెప్పాను. లాయరు గారు ఓపిగ్గా విని, "మీకు నెలకి ఎంత ఖర్చవుతుందమ్మా?" అన్నారు. "పాతికవేలు అవుతుందేమోనండీ" అన్నాను. ఆ "ఏమో" కోర్టులో పనికిరాదని ఆరోజే తెలిసింది.

మనోవర్తి (భరణం, అంటే బతుకుతెరువుకు ఇచ్చే డబ్బు) కేసుల్లో అడిగేవారు, ఇవ్వాల్సినవారు ఇద్దరూ తమ ఆదాయం, ఖర్చు, ఆస్తులు, అప్పులు రాసి అఫిడవిట్ వేయాలని 2020లో రజనేష్–నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాణం చేసి రాసేది కాబట్టి అబద్ధమైతే మెడకు చుట్టుకుంటుంది. పెంచి రాయకండి. నేను చూసినంతలో పెంచి రాసేవాళ్ళకంటే మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

ఎలా మరిచిపోతామో చూడండి. గాజువాకలో ఒక పాపతో ఉంటున్న రమ అనుకుందాం (పేరూ అంకెలూ ఊరికే పెట్టినవి). అద్దె 9,000, సరుకులు, పాలు 8,500, కరెంటు, గ్యాస్ 2,000, స్కూలు వ్యాను 1,500, ఫోను 500. మొత్తం 21,500. రమ ఇక్కడితో పెన్ను మూసేసింది. మరి స్కూలు ఫీజు? మూడు టర్ములు, టర్ముకి 18,000, అంటే ఏడాదికి 54,000. పన్నెండుతో భాగిస్తే నెలకి 4,500. ఎల్ఐసీ ఏడాదికి 9,600, నెలకి 800. దసరా, సంక్రాంతి బట్టలు 12,000, నెలకి 1,000. ఇవి కలిపితే అసలు ఖర్చు 27,800. పెన్ను ముందే మూసేసినందుకు నెలకి 6,300 తేడా.

అందుకే రెండు కాగితాలు తీసుకోండి. ఒకదాని మీద నెలనెలా కట్టేవి, రెండోదాని మీద ఏడాదిలో ఎప్పుడో వచ్చేవి రాయండి. పక్కన రుజువు ఉండాలి: రసీదు, ఫోన్‌పే చిట్టా, బ్యాంకు పాస్‌బుక్. కూరలకు రసీదు ఎవరిస్తారు? వాటికి రోజూ నోటుబుక్కులో రాసుకున్న లెక్క చాలు, ఒక నెలపాటు మానకుండా రాస్తే.

ఇక మధురవాడలో ఇద్దరి పేరు మీదా లోను పెట్టి ఫ్లాటు కొన్నవాళ్ళ సంగతి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. "ఫ్లాటు ఆయనది, ఈఎంఐ కూడా ఆయనే కట్టుకుంటాడు" అని మీ ఇద్దరూ రాసుకున్న ఒప్పందం బ్యాంకును కట్టిపడేయదు. లోను కాగితాల మీద సంతకం ఉన్నంతకాలం బ్యాంకు ఇద్దరినీ అడుగుతుంది. ఆయన ఎగ్గొడితే మీ సిబిల్ స్కోరూ (అప్పులు సరిగ్గా కడుతున్నారో లేదో చూసి వేసే మార్కు) పడుతుంది. కాబట్టి ఒప్పందంలో మూడు విషయాలు ఉండాలి: లోను ఒక్కరి పేరుకు ఏ తేదీలోగా మారాలి, అది మారాక రెండోవారు తమ వాటా వదులుకుంటూ రిజిస్ట్రేషన్ ఎప్పుడు చేయాలి, బ్యాంకు ఒప్పుకోకపోతే ఫ్లాటు అమ్మి మిగిలింది ఎలా పంచుకోవాలి. పాలసీలు, బ్యాంకు ఖాతాల్లో నామినీ పేరు కూడా చూసుకోండి. విడాకులు వచ్చినంత మాత్రాన అది దానంతట అది మారదు.

బంగారం విషయం తేలిగ్గానే తేలుతుంది, జాబితా ఉంటే. పుట్టింటివాళ్ళు పెట్టిన నగలు అత్తింటి లాకర్లో ఉన్నా మీ స్త్రీధనమే. 1985లోనే సుప్రీంకోర్టు ఆ మాట తేల్చింది. బిల్లులు లేకపోతే పెళ్ళి ఆల్బమ్ తిరగేయండి. పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం ఉంటే దస్తావేజు నకలు తీసి పెట్టుకోండి.

పెద్దల్లో పెడితే పెట్టండి, తప్పు లేదు. కానీ అక్కడ స్టాంపు కాగితం మీద రాసుకున్నది విడాకులు కాదు. కులాచారం ఉందని రుజువు చేయగలిగితే తప్ప, కోర్టు డిక్రీ వచ్చేదాకా మీరు భార్యాభర్తలే. ఇంకోమాట, డబ్బు కబుర్లు పిల్లల చేత పంపకండి. "నాన్నని ఫీజు కట్టమను" అన్న చిన్న మాటకే పదేళ్ళ పిల్లాడు రెండు రోజులు అన్నం మానేయడం నేను చూశాను.

లాయరు ఫీజు గురించి టెన్షన్ పడేవాళ్ళకి: 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగవచ్చు, లేదా 15100కి ఫోన్ చేయవచ్చు.

ఇంటిపని: రెండు కాగితాలూ నింపి, ఏ అంకెకు రుజువు లేదో దాని కింద ఎర్రగీత గీయండి. వచ్చే పాఠంలో ఇద్దరూ ఒప్పుకుని విడాకులకు వేసే పరస్పర అంగీకారం పిటిషను చదువుదాం. అది వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును కోర్టు ఎప్పుడు మాఫీ చేయవచ్చో కూడా అక్కడే చూద్దాం.