తెలుగులో ఆరోగ్య వార్తలు రాద్దాం – ఏడో పాఠం: ధమని

ఈసారి కిడ్నీకి సంబంధించిన పదాలు మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠం అభ్యాసానికి మీరు రాసిన జవాబులు చదివాక వాటిని వాయిదా వేశాను. ‘ఆర్టరీ’, అంటే ధమని, అన్న ఒక్క మాట దగ్గర ఎక్కువమంది తడబడ్డారు. గుండెపోటు వార్తలో ‘నరం మూసుకుపోయింది’ అన్నారు. ట్రాఫిక్ వార్తలో ‘నగర ధమనులు స్తంభించాయి’ అన్నారు. అర్థం చెప్పమంటే దాదాపు అందరూ ‘మంచి రక్తం మోసే నాళం’ అని రాశారు. ముందు ఈ మూడోది సరిచేసుకుందాం. అది కుదిరితే మిగిలిన రెండూ తేలికవుతాయి.

గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్ళేది ధమని. గుండెకు తిరిగి తెచ్చేది సిర. తేడా దిక్కులోనే ఉంది, రక్తం గుణంలో లేదు. కుడి జఠరిక (గుండె కింది గది) నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళే పుపుస ధమనినే చూడండి. అందులో ఉండేది ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తం. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు (గుండె పై గదికి) ఆక్సిజన్ నిండిన రక్తాన్ని తెచ్చేవి పుపుస సిరలు. బడిలో దీన్ని మినహాయింపు అని బట్టీ పట్టిస్తారు. దిక్కును పట్టుకుంటే మినహాయింపు అక్కర్లేదు. బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. బిడ్డ గుండె నుంచి మాయ వైపు వెళ్ళేవి కాబట్టి అవి ధమనులు. మాయ నుంచి ఆక్సిజన్, పోషకాలు తెచ్చేది సిర. ఇక్కడా నియమం చెక్కుచెదరలేదు.

‘చెడు రక్తం’ అన్న మాట మీ రాతల్లో ఎక్కడా కనిపించకూడదు. రక్తదానంలో ఇచ్చేది మోచేతి మడతలోని సిర నుంచి తీసిన రక్తమే. ఒకరి ప్రాణం నిలిపే రక్తాన్ని చెడ్డదని ఎలా రాస్తాం? ఆ మాట చదివినవాళ్ళు ఒంట్లో మురికి రక్తం తిరుగుతోందని భయపడి, రక్తశుద్ధి పేరుతో అమ్మే మందుల వెంట పడతారు. ‘ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తం’ అని రాయండి. మాట పొడవైనా పరవాలేదు. సిరల్లో రక్తం నీలంగా ఉంటుందని ఇద్దరు రాశారు. అది నీలం కాదు, ముదురు ఎరుపు.

ఇక నరం. మన వాడుకలో నరం అంటే మెదడు సంకేతాలు మోసే నాడి (నెర్వ్) కూడా, సిర కూడా. ‘నరాల డాక్టరు’ అన్నప్పుడు ఒక అర్థం. సెలైన్ పెట్టబోయి ‘నరం దొరకలేదు’ అన్నప్పుడు ఇంకో అర్థం. రోగి మాటను ఉటంకించేటప్పుడు దాన్ని అలాగే ఉంచండి, దిద్దొద్దు. మీ సొంత వాక్యంలో మాత్రం ఏ నాళమో చెప్పాలి. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందనుకుందాం. ఆ గడ్డ కదిలితే రక్తంతోపాటు గుండె కుడి భాగానికి చేరి, అక్కణ్ణుంచి పుపుస ధమనిలోకి వెళ్ళి అడ్డుపడుతుంది. కాలి వాపుతో మొదలైనది ఊపిరి అందని స్థితికి ఎలా వచ్చిందో ఈ దారి తెలిస్తేనే పాఠకుడికి అర్థమవుతుంది. రెండు చోట్లా ‘నరం’ అంటే దారి మాయమైపోతుంది. గుండెపోటు వార్తలో ‘గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమని మూసుకుపోయింది’ అనండి.

పాత గ్రంథాలు చదివేవారికి ఒక మాట. సుశ్రుత సంహితలో బొడ్డు నుంచి పుట్టే 24 ధమనుల వర్ణన ఉంది. అవి నేటి శరీరశాస్త్రం చెప్పే ధమనులు కావు. రెండింటినీ ఒకే వ్యాసంలో కలపకండి.

రోడ్ల సంగతి. నగర రోడ్లను ఇంజనీర్లు ఆర్టీరియల్, సబ్-ఆర్టీరియల్, కలెక్టర్, లోకల్ అని విడదీస్తారు. మొదటిదానికి ‘ప్రధాన రహదారి’ చాలు. పేరు తెలిస్తే అదీ వద్దంటాను. ‘బందరు రోడ్డు, ఏలూరు రోడ్డుపై నిలిచిపోయిన వాహనాలు’ అంటే విజయవాడ పాఠకుడికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. రోడ్డు మీద రాకా ఉంటుంది, పోకా ఉంటుంది. ధమనిలో రక్తానిది ఒకటే దిక్కు. అందుకే రోడ్డుకు ఆ మాట అతకదు. పోలిక తప్పదనుకుంటే కాలువలకు వాడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరిన కృష్ణా నీరు ఏలూరు, బందరు, రైవస్ కాలువల్లో చీలి, చిన్న కాలువలై పొలాలకు చేరుతుంది. ఒకచోట పుట్టి, కొమ్మలై, చివరిదాకా పోషించడం ధమని లక్షణమే. చెన్నై–కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి మీద కోస్తా బతుకు ఎంత ఆధారపడిందో చెప్పాలంటే, ‘జీవనాడి’ అన్న మాట మనకు ఎప్పటినుంచో ఉంది.

అభ్యాసం: కాలి సిరలో పుట్టిన గడ్డ పుపుస ధమనికి చేరిన కథను పన్నెండు వాక్యాల్లో రాయండి. నరం, మంచి రక్తం, చెడు రక్తం అన్న మాటలు రాకూడదు. ప్రతి వాక్యంలో రక్తం ఎటు పోతోందో తెలియాలి. రాశాక పదో తరగతి చదివే పిల్లలకు ఒకసారి చదివి వినిపించి, వాళ్ళను ఆ దారి బొమ్మగా గీయమనండి. బొమ్మ తప్పితే, ఏ వాక్యం దగ్గర తప్పిందో గుర్తించి దాన్ని మాత్రమే తిరగరాయండి. రెండు ప్రతులూ పంపండి.