కొత్త ఆలోచనలు రావాలంటే పనిని ఎలా మలచాలి? వయసును ఎక్కడ లెక్కలోకి తీసుకోవాలి?

టీమ్ నుంచి కొత్త ఆలోచనలు రావడం లేదంటే ముందు చూడాల్సింది వాళ్ల చేతిలో ఉన్న పనిని. వయసు పెరిగేకొద్దీ కొత్తదనం తగ్గుతుందని చాలామంది మేనేజర్లు గట్టిగా నమ్ముతారు. 2013లో ఎంగ్, ఫెల్డ్‌మన్ అనే పరిశోధకులు ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే ఆ నమ్మకానికి ఆధారం దొరకలేదు.

పనిని కొలవడానికి హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే పరిశోధకులు 1970లలో తయారుచేసిన పద్ధతి ఇప్పటికీ అక్కరకొస్తుంది. ఏదైనా ఒక ఉద్యోగాన్ని ఎంచుకుని, అది చేసేవాళ్లతోనే ఐదు అంశాలకు 1 నుంచి 7 దాకా మార్కులు వేయించండి: ఎన్ని రకాల నైపుణ్యాలు వాడాలి, పని మొదటి నుంచి చివరిదాకా తమ చేతిలో ఉంటుందా, ఇతరులకు దాని అవసరం ఎంత, సొంతంగా నిర్ణయించే స్వేచ్ఛ ఎంత, ఎలా చేశారో వెంటనే తెలుస్తుందా (ఫీడ్‌బ్యాక్). మేనేజర్ వేసే మార్కులు విడిగా ఉంచండి. స్వేచ్ఛ దగ్గర ఇద్దరి మార్కులకూ పొంతన లేకపోతే చిక్కుముడి అక్కడే ఉందని అర్థం.

మొదటి మూడింటి సగటును స్వేచ్ఛ మార్కుతోనూ, ఫీడ్‌బ్యాక్ మార్కుతోనూ గుణించాలి. ఉదాహరణకు 6, 5, 4 వస్తే సగటు 5. స్వేచ్ఛ 2, ఫీడ్‌బ్యాక్ 3 అయితే మొత్తం 30. మొదటి రెండింటినీ 7కి పెంచినా 36 దగ్గరే ఆగుతుంది. స్వేచ్ఛను 2 నుంచి 4 చేస్తే 60 అవుతుంది. ఇది తూకం వేసినంత కచ్చితమైన లెక్కేమీ కాదు, ఏది ముందు మార్చాలో చూపే సాధనం మాత్రమే. అయినా ఎక్కువ చోట్ల జరిగే పొరపాటును ఇది బాగా పట్టిస్తుంది: స్వేచ్ఛ ఇవ్వకుండా పనుల సంఖ్య పెంచుతారు. దాంతో పెరిగేది భారమే.

స్వేచ్ఛ ఇచ్చేటప్పుడు హద్దులు కాగితం మీద రాసివ్వండి. పనుల క్రమం ఎవరు నిర్ణయిస్తారు, పద్ధతి మార్చే ముందు ఎవరికి చెప్పాలి, ఎంత ఖర్చు దాకా అనుమతి అక్కర్లేదు, ప్రయోగం విఫలమైతే ఎవరు జవాబుదారీ? ఈ నాలుగూ తేలకపోతే ‘మీ ఇష్టం’ అన్న మాటను ఎవరూ నమ్మరు, ప్రతిదానికీ సంతకం కోసం వస్తూనే ఉంటారు.

ఇక వయసు. కొత్త సమస్యను అప్పటికప్పుడు వేగంగా విప్పే శక్తి వయసుతో నెమ్మదిస్తుంది. అనుభవంతో పోగైన జ్ఞానం మాత్రం చాలాకాలం నిలుస్తుంది. అందుకే కొత్తగా చేరినవాళ్లకు రకరకాల పనులు, వారం వారం ఫీడ్‌బ్యాక్ ఎక్కువ మేలు చేస్తాయి. అనుభవజ్ఞులకు తమ నైపుణ్యాన్ని లోతుగా వాడే పని, పద్ధతి ఎంచుకునే స్వేచ్ఛ, ఇతరులకు నేర్పే అవకాశం కావాలి. అయితే పుట్టిన తేదీ చూసి పనులు పంచకండి. ఇవన్నీ అందరి ముందూ పెట్టి ఎంచుకోమనండి. ఒకే కుర్చీలో పదేళ్లుగా ఉన్న 35 ఏళ్ల మనిషికి, నిన్న చేరిన 50 ఏళ్ల మనిషికి కావలసినవి వేరు. వయసునూ సర్వీసునూ ఒకటిగా చూస్తే ఇక్కడే తప్పుతారు.

వయసుకు తగ్గట్టు పనిని మలిస్తే ఏమవుతుందో చూపే ఉదాహరణ ఒకటుంది: జర్మనీలోని డింగోల్ఫింగ్‌లో కార్ల కంపెనీ బీఎమ్‌డబ్ల్యూ 2007లో కార్మికుల సగటు వయసు 47 ఉండేలా ఒక ఉత్పత్తి లైన్‌ను ఏర్పాటు చేసింది. అక్కడి కార్మికులను కూడా కలుపుకుని, చెక్క నేల, కూర్చుని పనిచేసే కుర్చీలు, భూతద్దాలు వంటి 70 చిన్న మార్పులు చేశారు. ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది.

ఫలితాన్ని కొలిచేటప్పుడు సలహాల పెట్టెలోని చీటీలు లెక్కపెట్టి ఆగిపోవద్దు. ఆలోచన రావడం, దానికి మద్దతు కూడగట్టడం, అమల్లో పెట్టడం అనే మూడు దశలకూ వేర్వేరు వరుసలతో ఒక పట్టిక పెట్టండి. మొదటి వరుస నిండి మూడోది ఖాళీగా ఉంటే ఆలోచనలకు కొరత లేదు, వాటిని ప్రయత్నించే సమయమే లేదు. అలాంటప్పుడు వారంలో కొన్ని గంటలు ఇతర పనుల నుంచి విడిపించి, మూడు నెలల తర్వాత ఆ ఐదు మార్కులూ మళ్లీ వేయించండి.