నేషనల్ పార్కులో గన్ ఓకే, విజిటర్ సెంటర్‌లో మాత్రం కుదరదు

అమెరికాలో నేషనల్ పార్కులోకి గన్ తీసుకెళ్లొచ్చా అని అడిగితే ఒకళ్లు భేషుగ్గా తీసుకెళ్లొచ్చంటారు, ఇంకొకళ్లు జైల్లో వేస్తారంటారు. చిత్రం ఏంటంటే ఇద్దరూ చెప్పేది నిజమే. ట్రైల్ మీదో, క్యాంప్‌గ్రౌండ్‌లోనో, కార్లోనో ఉన్నంతసేపు అది ఆ రాష్ట్ర చట్టం చూసుకునే సంగతి, విజిటర్ సెంటర్ గుమ్మం దాటారంటే ఫెడరల్ (కేంద్ర) చట్టం. ఈ రెండూ కలిపేసుకుని, కన్‌సీల్డ్ క్యారీ పర్మిట్ (గన్ దాచి పెట్టుకుని తిరిగే అనుమతి) జేబులో ఉందిగా అన్న ధీమాతో, చొక్కా కింద గన్ పెట్టుకునే మ్యాపు కోసం లోపలికి వెళ్లిపోయేవాళ్ల కోసం ఇది.

తికమక ఎక్కడ మొదలైందో ముందు చెప్తా. ఒకప్పుడు పార్కులో గన్ అంటే తూటాలు తీసేసి, వెంటనే వాడే వీల్లేకుండా సర్ది పెట్టుకోవాల్సిందే. 2009 మే 22న ఒబామా సంతకం చేసిన క్రెడిట్ కార్డుల చట్టంలో (అవును, క్రెడిట్ కార్డుల చట్టంలోనే) ఓక్లహామా సెనేటర్ టామ్ కోబర్న్ పెట్టిన సవరణ ఒకటి ఉంది. దాంతో 2010 ఫిబ్రవరి 22 నుంచి రూల్ మారింది: గన్ ఉంచుకునే అర్హత మీకు ఉంటే, పార్కు ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రం ఒప్పుకుంటే, పార్కువాళ్లు అడ్డు చెప్పరు. అందరూ ఇక్కడిదాకా చదివి ఆగిపోతారు. ఫెడరల్ భవనాల్లో ఆయుధాలు వద్దని చెప్పే టైటిల్ 18, సెక్షన్ 930 మాత్రం ఎప్పట్లాగే ఉంది, దాన్ని ఆ సవరణ కదపలేదు.

ఆ సెక్షన్ చెప్పేది ఇదీ. భవనం ప్రభుత్వానిదో, ప్రభుత్వం లీజుకు తీసుకున్నదో అయ్యుండి, అందులో ఫెడరల్ ఉద్యోగులు మామూలుగా డ్యూటీ చేస్తుంటే, తెలిసి గన్‌తో లోపలికి వెళ్లడం నేరం. ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. కోర్టు నడిచే చోటైతే రెండేళ్ల వరకు. పార్కులో కోర్టేంటి అనుకోకండి, యోసెమిటీలో, యెల్లోస్టోన్‌లో మామత్ దగ్గర ఉన్నాయి. గన్ కనపడేలా పెట్టుకున్నారా, దాచారా, పర్మిట్ ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. చిన్న జేబు కత్తి మాత్రం పర్వాలేదు, దాని బ్లేడు రెండున్నర అంగుళాల లోపు ఉండాలి.

ఇక ఏ భవనం ఈ లెక్కలోకి వస్తుందో. విజిటర్ సెంటర్, రేంజర్ స్టేషన్, ఆఫీసులు, ఫీజు కట్టించుకునే భవనాలు, ఇవన్నీ వస్తాయి, వీటి దగ్గర ఆలోచించే పనే లేదు. ప్రతి పబ్లిక్ ఎంట్రన్స్ దగ్గరా బోర్డు పెట్టాలని చట్టంలోనే ఉంది, కాబట్టి తలుపు తీసేముందు తలుపు చుట్టూ ఒకసారి చూడండి. బోర్డు లేకపోతే ఈ సెక్షన్ కింద శిక్ష వేయకూడదని కూడా ఉంది గానీ, రూల్ మీకు ముందే తెలుసని తేలితే ఆ మాట పనిచేయదు. ఇది చదివాక మీకు తెలుసు మరి! హోటళ్లు, రెస్టారెంట్లు, గిఫ్ట్ షాపుల దగ్గరే అసలు తలనొప్పి. వాటిని నడిపేది సాధారణంగా ప్రైవేటు కంపెనీలు, అందుకని చాలాసార్లు అక్కడ రాష్ట్ర చట్టమే నడుస్తుంది, కానీ అదే కప్పు కింద ఒక మూల రేంజర్ల డెస్క్ ఉంటే ఆ భాగం ఫెడరల్ అయిపోవచ్చు. నన్నడిగితే అనుమానం వచ్చిన ప్రతి చోటా బయటే వదిలేయడం మేలు, లేదా పార్కుకి ముందే ఫోన్ చేసి ఆ భవనం పేరు చెప్పి అడగండి. ఇలాంటి ఫోన్లు వాళ్లకి కొత్తేం కాదు. కార్ల్స్‌బాడ్ గుహల పార్కు లాంటి చోట గుహలోకి దిగే లిఫ్టే విజిటర్ సెంటర్‌లో ఉంటుంది, అంటే గన్‌తో ఆ లిఫ్ట్ ఎక్కడం కుదరదు. అలాగే స్టాట్యూ ఆఫ్ లిబర్టీ ఫెర్రీ ఎక్కాలన్నా, ఫిలడెల్ఫియాలో లిబర్టీ బెల్ చూడాలన్నా సెక్యూరిటీ చెకింగ్ దాటాల్సిందే.

పోస్టాఫీసు మాట విడిగా చెప్పాలి. గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ లాంటి పెద్ద పార్కుల్లో పోస్టాఫీసులు ఉన్నాయి, పోస్టల్ వాళ్ల రూల్ ఇంకా గట్టిది, భవనంతో ఆగదు, వాళ్ల పార్కింగ్ స్థలం కూడా అందులోకే వస్తుంది. దాని మీద కోర్టు కేసులు నడుస్తున్నాయి, అయినా ఆ ప్రయోగం మీ కారుతో చేయకండి.

బయల్దేరేముందు చూసుకోవాల్సిన ముఖ్యమైన విషయం రాష్ట్రం. ఒకే పార్కు రెండు మూడు రాష్ట్రాల్లో ఉండొచ్చు. యెల్లోస్టోన్ ఎక్కువ భాగం వయోమింగ్‌ది, కొంచెం మోంటానా, ఇంకొంచెం ఐడహో. డెత్ వ్యాలీ కాలిఫోర్నియా నుంచి నెవాడాలోకి వెళ్తుంది, కాలిఫోర్నియా మాత్రం వేరే రాష్ట్రం ఇచ్చిన పర్మిట్‌ని గుర్తించదు. దారిలో ఒప్పుకోని రాష్ట్రం తగిలితే, తూటాలు తీసేసి, తాళం వేసి, డిక్కీలో పెట్టుకుని దాటిపోయేందుకు ఫెడరల్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది, కానీ అది దాటి వెళ్లేవాళ్లకే, అక్కడే రెండు రోజులు ఆగి చుట్టూ తిరిగేవాళ్లకి కాదు.

కార్లో ఎలా వదలాలి? విజిటర్ సెంటర్ పార్కింగ్‌లో, పక్క కార్లో పిల్లలు చూస్తుండగా గన్ తీసి అటూఇటూ సర్దడం చాలా చెడ్డ ఐడియా. పొరపాటున పేలే ప్రమాదం ఉండేది చేత్తో తీసి పెట్టేటప్పుడే. రూమ్ నుంచి బయల్దేరేటప్పుడే ఆ రోజు ప్లాన్ చూసుకుని, భవనాల్లోకి వెళ్లే పనుంటే ముందే తాళమున్న చిన్న పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని స్టీల్ కేబుల్‌తో సీటు కిందో డిక్కీలోనో కట్టేయండి. తప్పనిసరై పార్కింగ్‌లోనే తీయాల్సి వస్తే హోల్‌స్టర్‌తో (గన్ పెట్టుకునే తొడుగుతో) సహా తీయండి, ట్రిగ్గర్ బయటపడకూడదు. కాలిఫోర్నియాలోనూ, 2025 జనవరి నుంచి కొలరాడోలోనూ మనుషులు లేని కార్లో పిస్టల్‌ని తాళం వేసి, కనపడకుండా పెట్టడం చట్టమే. గ్లవ్ బాక్స్‌ని నమ్ముకోకండి.

మర్చిపోయి లోపలికి వెళ్లిపోయారా? గన్ మీద చెయ్యి వేయకుండా, తీసి చూడకుండా, వచ్చిన దారినే వెంటనే బయటికి వచ్చేయండి. రేంజర్ ఆపితే చేతులు కనపడేలా ఉంచి, గన్ ఉందని నోటితోనే చెప్పండి, చూపించబోకండి.

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది, పైన చెప్పిన వాటన్నిటికంటే ఇదే ప్రమాదం. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, విజిటర్ వీసా, వీటి మీద ఉన్నవాళ్లకి గన్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం, 15 ఏళ్ల వరకు శిక్ష పడొచ్చు, దేశం నుంచి పంపించేసే అవకాశం కూడా ఉంటుంది. రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి కూడా లాయర్‌ని అడక్కుండా నమ్ముకోవద్దు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. గన్ ఉన్న ఫ్రెండ్ విజిటర్ సెంటర్ ముందు ఆగి, "ఈ బ్యాగు ఐదు నిమిషాలు పట్టుకో, లోపలికి వెళ్లొస్తా" అంటే, వీసా మీద ఉన్న మీరు మొహమాటానికి పోయి పట్టుకోకండి.

ఎలుగుబంట్ల కోసమే గన్ అనేవాళ్లకి: పార్కులో గన్ ఉంచుకోవచ్చన్నారు గానీ పేల్చొచ్చనలేదు, వేటకి అనుమతి ఉన్న కొద్ది చోట్ల తప్ప. గురి చూసే ప్రాక్టీసు కూడా కుదరదు. 2010లో, రూల్ మారిన కొద్ది నెలలకే, అలాస్కాలోని డెనాలిలో మీదకొచ్చిన గ్రిజ్లీని ఒక హైకర్ పిస్టల్‌తో కాల్చి చంపాడు. దాని మీద విచారణ జరిగింది. ఎలుగులున్న పార్కుల్లో రేంజర్లు పట్టుకెళ్లమని చెప్పేది బేర్ స్ప్రే (ఎలుగు మీదకొస్తే కొట్టే ఘాటు మిరప స్ప్రే), అదీ బ్యాగులో అడుగున కాదు, చేతికందేలా బెల్టుకి.