జట్టులో నమ్మకం – 3వ పాఠం: చెడు కబురు వినడం

మీకు ఆలస్యంగా తెలిసిన విషయాలన్నీ వారం పాటు రాసుకోమని గత పాఠంలో అడిగాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుగా చేశాను. మిర్చి సీజనులో ఒక సాయంత్రం తేజ, వండర్ హాట్ అనే రెండు రకాల మిర్చీ ఒకేసారి దిగింది. కొత్త గుమస్తా, ఏ బస్తాలు ఏ సరుకువో గుర్తుపట్టే లాటు నంబర్లు తారుమారు చేసి రాశాడు. మర్నాడే గమనించాడు కానీ నాకు చెప్పలేదు. రెండు నెలలకు రైతు తేజకు బేరం కుదుర్చుకుని వ్యాపారితో వచ్చాడు. బస్తా విప్పితే సన్నటి తేజకు బదులు ముడతలు పడిన పొడవాటి కాయ! అసలు బస్తాలేమో చాంబరులో అడుగు వరుసలో ఉన్నాయి.

ఎందుకు చెప్పలేదని అడిగాను. “పోయిన వారం పెద్ద గుమస్తాగారినే హమాలీలందరి ముందు అంత మాట అన్నారు కదా సార్. ఇక నన్నేమంటారో అనుకున్నాను” అన్నాడు. అతణ్ని నేను ఏనాడూ తిట్టలేదు. తిడుతుంటే చూశాడు, అంతే. నమ్మకం పోయేది ఎక్కువగా ఇలా పక్కన నిలబడి చూసినవాళ్లలోనే.

ఆమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో అమెరికా ఆసుపత్రుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి జట్లలో పొరపాట్లు తక్కువగా ఉంటాయనుకుంటే, లెక్కల్లో ఎక్కువ కనిపించాయి. ఆ జట్లలో జరిగినది జరిగినట్టు చెప్పుకొనే ధైర్యం ఉండటమే కారణమని ఆమెకు అనిపించింది. దీన్నే 1999 నాటి పత్రంలో ‘మానసిక భద్రత’గా వివరించారు. మీ జట్టులో ఏ పొరపాటూ మీ దాకా రావడం లేదంటే సంతోషించకండి.

ఇక సాధన. ఎవరైనా తప్పు చెప్పడానికి వస్తే చేతిలోని ఫోను పక్కన పెట్టండి. మొదటి మాటగా “ఇప్పుడే చెప్పి మంచి పని చేశావు” అనండి. తర్వాత ఎన్ని బస్తాలు, ఎక్కడున్నాయి, ఇంకా ఏం పాడు కాకుండా ఆపగలం అని అడగండి. “ఎవరు చేశారు?” అన్నది సరుకు సర్దుకున్నాకే, అదీ విడిగా. నిర్లక్ష్యాన్ని వదిలేయమని కాదు. దాన్ని గట్టిగానే అడగాలి, కానీ నలుగురిలో కాదు.

నాకు ఇది చేతకావడానికి ఒక సీజను పట్టింది. కోపం నాలుక మీదికి వచ్చేసేది. అప్పుడు మంచినీళ్లు తాగి మాట్లాడేవాణ్ని.

ఈ వారం పని: మీ కాగితంలోంచి ఒక విషయం ఎంచుకుని, దాన్ని దాచిన మనిషితో టీ తాగుతూ, మీరు చేసిన తప్పు ఒకటి ముందుగా చెప్పండి. అతను ఏమన్నాడో రాసుకోండి. 4వ పాఠం అక్కడి నుంచి మొదలుపెడదాం.