బండి రాదు, డిపోకే వెళ్లాలి: విశాఖ కార్డుదారులు చేయవలసినవి

వీధి చివర హారన్ వినిపించగానే సంచి పట్టుకుని గుమ్మం దిగే అలవాటు 2025 జూన్ 1తో పోయింది. రేషన్ బండ్లు ఆగిపోయాయి కాబట్టి ఇప్పుడు ప్రతి నెలా 1 నుంచి 15వ తేదీలోగా, ఉదయం 8 నుంచి 12 వరకు గానీ సాయంత్రం 4 నుంచి 8 వరకు గానీ డిపోకి వెళ్లి సరుకులు తెచ్చుకోవాలి. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు డీలరే ఇంటికి తెచ్చివ్వాలి. కోటా మాత్రం మారలేదు. మనిషికి 5 కిలోల బియ్యం, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుకి మొత్తం 35 కిలోలు ఉచితంగానే ఇస్తారు.

తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లే ఆడవాళ్లకు ఉదయం వేళ కుదరదు, సాయంత్రమే దారి. అయితే వారికి అసలు చిక్కు వేళతో కాదు, వేళ్లతో. రోజంతా ఐసు నీళ్లలో నాని, రొయ్యల ముళ్లు గుచ్చుకుని అరిగిన వేలిముద్రను డిపోలోని ఈపోస్ యంత్రం గుర్తించక ఎర్రలైటు చూపిస్తుంది. అప్పుడు వెనుదిరగకండి. చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని, మరో వేలు పెట్టి చూడండి. అదీ పడకపోతే కంటిపాప స్కాన్ చేయమని అడగండి, లేదా ఆ ఇంట్లో కార్డులో పేరున్న మరొకరిని పంపండి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా నమోదు చేయించుకుంటే ఈ తిప్పలు చాలావరకు తగ్గుతాయి.

కార్డులోని ప్రతి ఒక్కరికీ ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిపోల్చి ధ్రువీకరించడం, పూర్తి కావాలి. ఐదేళ్లలోపు పిల్లలకు మినహాయింపు ఉంది. ఇది డిపోలోనే ఉచితంగా చేస్తారు కనుక ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వనక్కర్లేదు.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి గాజువాకలోనో కంచరపాలెంలోనో అద్దెకుంటున్నవారు బియ్యం కోసం సొంతూరు పోనక్కర్లేదు. రాష్ట్రంలో ఏ డిపోలోనైనా తీసుకోవచ్చు.

కొత్త కార్డుకి, కోడలి పేరు చేర్చడానికి, ఉమ్మడి కార్డు విడదీయడానికి వార్డు సచివాలయంలో దరఖాస్తు చేయాలి. కోడలి పేరు పుట్టింటి కార్డులో అలాగే ఉంటే ఇక్కడ చేరదు, ముందు అది తేల్చుకోండి. నగరంలో నెలకు 12,000 రూపాయల ఆదాయం, 300 యూనిట్ల కరెంటు మించకూడదు. సొంత కారుంటే కార్డు రాదు గానీ, బతుకుతెరువుకి నడిపే ఆటో, టాక్సీ అడ్డు కావు.

రసీదు చేతికొచ్చాక దానిమీది కిలోలను, కాటాలో చూపిన తూకాన్ని అక్కడే సరిచూసుకోండి. తేడా ఉంటే 1967కి ఫోన్ చేయండి.