చలికాలం కొండ మీద సోలార్ ప్యానెళ్లు: సిరీస్ కలిపే ముందు లేబుల్ చదవండి

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగికో వంజంగికో టెంట్లతో బయల్దేరేవాళ్ల సామాన్లలో ఇప్పుడు పవర్ స్టేషన్ (వెంట తీసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టె), మడత పెట్టే సోలార్ ప్యానెళ్లు కూడా కనిపిస్తున్నాయి. ఒక్క ప్యానెల్ ఉన్నంతవరకు టెన్షన్ లేదు. రెండోది కొన్నాకే సిరీస్‌లో కలపాలా, పారలల్‌లో కలపాలా అన్న సందేహం మొదలవుతుంది.

ఒకదాని ప్లస్‌ను ఇంకోదాని మైనస్‌కు కలిపితే సిరీస్. వోల్టేజీలు కూడతాయి, ఆంపియర్లు మారవు. ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట కలిపితే పారలల్. ఆంపియర్లు కూడతాయి, వోల్టేజీ మారదు. సిరీస్‌లో పవర్ ఎక్కువ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 100 వాట్ల ప్యానెళ్లు రెండు, ఎలా కలిపినా 200 వాట్లవే.

ముందు చూడాల్సింది వోల్టేజీ. ఆంపియర్లు ఎక్కువ ఉన్నా మంచి పవర్ స్టేషన్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. వోల్టేజీ పరిమితి దాటితే మాత్రం లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. లెక్క వేయాల్సింది ప్యానెల్ వెనక లేబుల్ మీద 'వీఓసీ' (Voc) అని ఉండే అంకెతో, అంటే లోడు లేనప్పుడు వచ్చే వోల్టేజీతో. 18 వోల్టుల ప్యానెల్ అని అమ్మేదానికి వీఓసీ 22 దాకా ఉంటుంది.

పైగా ఆ అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచింది. ప్యానెల్ చల్లబడే కొద్దీ వోల్టేజీ డిగ్రీకి సుమారు 0.3 శాతం చొప్పున పెరుగుతుంది. వీఓసీ 24 వోల్టులున్న ప్యానెళ్లు రెండు సిరీస్‌లో పెడితే 48. పవర్ స్టేషన్ పరిమితి 50 అయితే సరిపోయిందనే అనిపిస్తుంది. అదే 5 డిగ్రీల చలిలో 20 డిగ్రీల తేడాకు 6 శాతం కలిపి చూడండి, 50.9 అవుతుంది. రాత్రంతా మంచులో చల్లబడ్డ ప్యానెల్ మీద పొగమంచు విడి ఒక్కసారిగా ఎండ పడే ఆ కాసేపే అసలు ప్రమాదం. విశాఖలో మేడ మీద పెట్టి చూసుకున్నాం, బాగానే పనిచేసింది అన్న ధైర్యం ఇక్కడ చెల్లదు. నా మట్టుకు నేను పరిమితిలో 15 శాతం ఖాళీ వదలనిదే సిరీస్ జోలికి వెళ్లను.

చోటును బట్టి కూడా నిర్ణయం మారుతుంది. కాఫీ తోటల పక్కన టెంటు వేస్తే సిల్వర్ ఓక్ చెట్ల నీడ గంటగంటకూ జరుగుతుంది. సిరీస్‌లో ఒక ప్యానెల్ మీద నీడ పడితే, బైపాస్ డయోడ్లు (నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటును దాటించేవి) లేనప్పుడు మొత్తం వరుసే నీరసపడుతుంది. అక్కడ పారలల్ మేలు. నీడ లేని బయలు, పవర్ స్టేషన్ దూరంగా ఉంటే సిరీస్ లాభం. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 10 మీటర్లు లాగితే, రెండు 100 వాట్ల ప్యానెళ్లకు పారలల్‌లో సుమారు 12 వాట్లు వైరులోనే పోతాయి, సిరీస్‌లో 3.

పారలల్‌లో వేర్వేరు వోల్టేజీల ప్యానెళ్లు కలపవద్దు. మూడు, అంతకు మించి కలిపితే ఒక్కోదానికీ ఫ్యూజ్ ఉండాలి. ఒకటి షార్ట్ అయితే మిగతావన్నీ కలిసి తమ కరెంటును దానిలోకే తోస్తాయి. ఎన్ని ఆంపియర్ల ఫ్యూజో లేబుల్ మీదే ఉంటుంది.

వైరు రంగును నమ్మి ప్లగ్ పెట్టేయకండి. కొన్ని అడాప్టర్లలో ఎరుపు, నలుపు తారుమారై ఉంటాయి. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, దాని ఎరుపు వైరును ప్లస్ అనుకుంటున్న కొనకు, నలుపును మైనస్ కొనకు ఆనించి చూడండి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే తిరగబడినట్టే. ఆ మీటరు ఖరీదు పవర్ స్టేషన్ రిపేరు ముందు ఏ మూలకు?

ఎండలో ఉన్న ప్యానెల్‌కు స్విచ్ లేదు. కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగితే నిప్పురవ్వ సాగుతుంది. ఇంటి ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి రవ్వ ఆరే వీలుంటుంది, ప్యానెల్ ఇచ్చే డీసీకి ఆ విరామం లేదు. ముందు ప్యానెళ్లను మడవండి, లేదా బోర్లించి మందపాటి దుప్పటి కప్పండి. ఆ తర్వాతే కనెక్టర్ విప్పండి. మంచుకు తడిసిన కనెక్టర్లను పొడిగుడ్డతో తుడిచి, ఆరాకే కలపండి. ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా ఉన్న తెల్లవారుజామున లిథియం బ్యాటరీని చార్జింగ్‌కు పెట్టకుండా, రాత్రి టెంటు లోపలే ఉంచి, ఎండెక్కాక బయటికి తీయండి.