తక్కువ బరువు బిడ్డకు కంగారూ సంరక్షణ ఇంట్లో ఎలా ఇవ్వాలి

రెండున్నర కిలోలకు తక్కువగా పుట్టిన బిడ్డ ఒంట్లో కొవ్వు తక్కువ, వేడి నిలవదు. ఒళ్ళు చల్లబడితే పాలు తాగే ఓపిక కూడా పోతుంది. తల్లి ఒంటి వేడినే బిడ్డకు అందించే ఈ పద్ధతి 1978లో, బిడ్డల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పెట్టెలు సరిపడా లేని, కొలంబియా దేశంలోని బొగోటా ఆసుపత్రిలో మొదలైంది. మన దేశంతో కలిపి అయిదు దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన అధ్యయనం 2021లో వెలువడింది. 1 నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలకు పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే, 28 రోజుల్లోపు మరణాలు పాతిక శాతం తగ్గాయి.

ఇంటికి పంపేముందు ఆసుపత్రి నర్సు ఎదుట ఒకసారి చేసి చూపించండి. బిడ్డకు టోపీ, మేజోళ్ళు, డైపర్ మాత్రమే ఉంచాలి. తల్లి జాకెట్టు ముందు గుండీలు తీసి, రొమ్ముల మధ్య బిడ్డను నిలువుగా ఆనించాలి. కాళ్ళు కప్పలా విడిగా మడిచి ఉండాలి. తల ఒక పక్కకి తిప్పి, గడ్డం కాస్త ఎత్తి ఉంచాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: గడ్డం ఛాతీకి ఆనితే గాలి దారి మూసుకుపోతుంది. ముఖం ఎప్పుడూ కనబడాలి. మెత్తటి నూలుబట్టతో ఇద్దరినీ కలిపి కట్టండి. బిడ్డ పొట్ట ఊపిరికి కదిలేంత వదులుండాలి. మధ్యలో బట్ట అడ్డుంటే ఫలితం తగ్గుతుంది.

ఒక్కో విడత గంటకు తగ్గకూడదు. రోజుకు కనీసం 8 గంటలు ఉంచాలి, ఎంత ఎక్కువైతే అంత మంచిది. చూడవచ్చినవాళ్ళ కోసం తీసి చేతులు మార్చొద్దు. తల్లి అలసిపోతే తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా కట్టుకోవచ్చు, కాకపోతే జలుబు, దగ్గు, చర్మవ్యాధి ఉండకూడదు. పడుకునేటప్పుడు తల్లి వీపు కింద దిళ్ళు పెట్టి ఏటవాలుగా ఆనుకోవాలి.

రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, పాలు పట్టాలి. చీకలేకపోతే పిండిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతో పెదవి మూల నుంచి కొద్దికొద్దిగా పట్టండి. ఆ గిన్నెను ముందే నీళ్ళలో మరిగించి ఆరబెట్టాలి. గొంతులో గబగబా పోస్తే పొలమారుతుంది. తేనె, ఆముదం, వస పెట్టొద్దు. తలంటి, సాంబ్రాణి పొగ ఇప్పుడు వద్దు, తడిబట్టతో తుడిస్తే చాలు.

వేడి చూడటానికి మీ చేతి వెనుక భాగం చాలు. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే చలి మొదలైందని అర్థం, వెంటనే ఒంటికి ఆనించండి. రెండూ చల్లబడినా, పాలు మానేసినా, ఊపిరి నిమిషానికి 60 దాటినా, డొక్కలెగరేసినా, ఫిట్స్ వచ్చినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా, బిడ్డను ఒంటికి ఆనించుకునే 108లో ఆసుపత్రికి వెళ్ళండి. ఇంటికొచ్చే ఆశా కార్యకర్త చేత ప్రతిసారీ బరువు తూయించి రాయించండి. బిడ్డ రెండున్నర కిలోలు దాటి, కట్టులో ఇమడక కాళ్ళు తన్నుకుంటూ పెనుగులాడుతుంటే ఇక మానేయొచ్చు.